చేపల దుప్పటి

వీధిలో అందరూ ఆమెను అద్దకాలావిడ అంటారు. ఎదురుపడినప్పుడు గౌరవంగానే పలకరిస్తారు. ఆమె మలుపు తిరిగాక మాత్రం, మురికినీళ్లలో గుడ్డలు ముంచి గోడకు తగిలించడం కూడా ఒక పనేనా అని బుగ్గలు నొక్కుకుంటారు. వాళ్లనని లాభం లేదు. చూసేవాళ్లకు ఆ పని అలాగే ఉంటుంది మరి.

ఆమె తెల్లటి నూలుగుడ్డను ఉడకబెట్టి గంజి వదిలిస్తుంది. పటిక కరిగించి, జిగురు కలిపి, చిక్కటి ముద్ద చేస్తుంది. చెక్క అచ్చును ఆ ముద్దలో అద్ది గుడ్డ మీద వరసగా ఒత్తుతుంది. అచ్చు మీద ఉన్నది అరచేయంత చేప. ముద్ద ఆరిపోయాక గుడ్డ మీద ఏమీ కనిపించదు, పటికకు రంగు లేదు కదా. అప్పుడా గుడ్డను తీసుకెళ్లి, అద్దకం మిల్లు గొట్టం ఏటిలో కలిసే చోట రాయి కట్టి ముంచుతుంది. నీళ్లలో ఏ రంగు పారితే ఆ రంగును పటిక పట్టుకుంటుంది. కొన్నాళ్లాగి పైకి లాగితే చేపలు తేలి ఉంటాయి, ఒకసారి ఎర్రగా, ఒకసారి కమిలిన దెబ్బలా నీలంగా.

మిల్లుకు ఎగువన, వంతెన కింద ముంచిన గుడ్డ మాత్రం ఎలా వెళ్లిందో అలాగే తెల్లగా తిరిగొస్తుంది. బతికున్న చేపలు తిరిగే చోట గుడ్డ మీద చేప రాదు. చేప అన్నది బతకని చోట గుడ్డ నిండా చేపలే. పట్నంలో ప్రదర్శనలు పెట్టే పెద్దమనిషి ఈ సంగతి విని ముచ్చటపడిపోయాడు. ఇంకాస్త ముదురు రంగువి పంపండి అని ఫోన్ మీద ఫోన్ చేసేవాడు. ఉన్న మాట చెప్పుకోవాలి, చేప ఎంత ముదురుగా తేలితే ఆమెకూ అంత సంబరంగా ఉండేది. గొట్టం దగ్గర నీళ్లు చిక్కబడ్డాయని తెలిస్తే చాలు, పొయ్యి మీది గిన్నె దించేసి గుడ్డలు చంకనేసుకుని పరుగెత్తేది.

ఆ గొట్టంలోంచి వచ్చే రంగులు కలిపేది ఎవరో కాదు, ఆమె మొగుడే. మిల్లులో రంగుల మేస్త్రి. ఎంత తోమినా ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది.

"నేను పారబోసింది నువ్వు ఏరుకుంటున్నావు. మన జోడీ బాగానే కుదిరింది," అనేవాడు ఆయన భోజనం దగ్గర. ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవారు.

మిల్లు గోడ వెనక సందులో వాళ్లిల్లు. ముందు గది అంతా పని బల్లే ఆక్రమించింది. పాత కంబళ్లు పరిచి మేకులు కొట్టిన పొడుగాటి బల్ల అది. దాని మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు, తాళ్ల నిండా ఆరేసిన గుడ్డలు. మనుషులు వాటి కింద తల వంచుకుని నడవాలి. వెనక గదిలో మంచాలు. పెరట్లో బోరు. ఆ నీళ్లు అద్దంలా ఉంటాయి, నాలుక్కి తియ్యగా తగులుతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా రెండో గ్లాసు అడిగి మరీ తాగేవారు.

చేప అచ్చు చెక్కింది ఆమె అమ్మ. ముసలావిడ జీవితమంతా అచ్చులు చెక్కి బతికింది. చెయ్యి వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టి కూతురి దగ్గరికి వచ్చేసింది. వచ్చింది కాని నోరు మాత్రం పక్కన పెట్టలేదు.

"ముద్దలో కాస్త ఎర్రమట్టి కలపవే. అద్దినదేదో అద్దనిదేదో కంటికి తెలియొద్దూ? నీ తాతలు కూడా కలిపే అద్దారు. తర్వాత ఉతికితే పోతుంది కదా ఆ మట్టి."

"పూర్తిగా పోదమ్మా. ఏటి రంగులో నా రంగు కలవకూడదు. అదే కదా ఈ పనిలో ఉన్న గొప్ప."

"గొప్పే. ఏ రోజో నీ గొప్పను మసిగుడ్డ అనుకుని గిన్నెలు తుడిచేస్తాం, అప్పుడు తెలుస్తుంది."

గిన్నెలు తుడవలేదు కాని, దాదాపు అంత పనీ జరిగింది. ఎండాకాలంలో ముసలావిడకు జ్వరం తగిలింది. ఒళ్లు కాలిపోతోంది, దుప్పటి తడిసి ముద్దయింది. మార్చడానికి కూతురు కంగారులో చేతికందిన గుడ్డ తాడు మీంచి లాగి పరిచేసింది. అది ఆరిన గుడ్డ, తెల్లగా ఉంది, అంతకుమించి చూడలేదు. పొద్దున పరిచిన దుప్పటి మీద ముసలావిడ చెమటలు కక్కి కక్కి, మధ్యాహ్నానికి జ్వరం దిగి లేచి కూర్చుంది. ఆకలేస్తోందంది.

దుప్పటి తియ్యబోయి అద్దకాలావిడ అక్కడే నిలబడిపోయింది.

దాని నిండా చేపలున్నాయి. తుప్పు రంగులో, ఒక్కొక్కటీ పొలుసు పొలుసూ తెలిసేలా. పడుకున్న మనిషి వీపు ఎంత మేర తగిలిందో అంత మేర ఉన్నాయి, భుజాల దగ్గర గుంపుగా, నడుం దగ్గర పలచగా, మళ్లీ మడమల దగ్గర రెండు. అంచుల వైపు గుడ్డ తెల్లగానే ఉంది. ఏటిలో ముంచిన గుడ్డను తెచ్చి పొరపాటున పరిచానేమో అని ఆమె మొదట తనను తాను తిట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏటి కంపు లేదు. జ్వరం చెమట వాసన ఒక్కటే ఉంది. అప్పుడు మాత్రం ఆమెకు భయం వేసింది.

అయిదేళ్ల కూతురు వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది. ఇంట్లో దాన్ని బుడ్డది అంటారు.

"అమ్మమ్మకు చేపలొచ్చాయి. నాకెప్పుడొస్తాయమ్మా?"

అద్దకాలావిడ కూతుర్ని పక్కకు లాగి దుప్పటిని చుట్టచుట్టి బల్ల కిందకు తోసేసింది. ఆ రోజు పట్నం నుంచి ఫోన్ వచ్చినా ఎత్తలేదు.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చిన మొగుడికి చూపించింది. ఆయన దుప్పటిని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. ఏ రంగో పోల్చుకున్నట్టే ఉంది ఆయన మొహం. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

"నా చొక్కా రంగు అంటుకుని ఉంటుంది."

"మీ చొక్కాలు పెరట్లోనే ఉంటాయి కదండీ. లోపలికి నేను రానిచ్చిందెప్పుడు?"

"అయితే నీళ్లలో ఏదో ఉందంటావు. సరే, ఆ నీళ్లనే అడుగుదాం."

అడగడమంటే ఏముంది, పటిక అద్దిన ముక్కనొకదాన్ని బోరు నీళ్ల బకెట్‌లో వేసి మూత పెట్టారు. వారం గడిచాక తీసి చూస్తే ముక్క పాలలా తెల్లగా ఉంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్కను పట్టుకుని ఇల్లంతా తిరిగాడు, అత్తగారి మంచం దగ్గరా ఆడించాడు.

"చూశారా అత్తయ్యా? మన నీళ్లలో ఏ దోషమూ లేదు."

"ఆ ముక్క తాగింది వారం నీళ్లు నాయనా," అంది ముసలావిడ. "నేను తాగుతున్నది ఏళ్లబట్టి. రోజుకో చిటికెడు దాచుకుంటూ వచ్చుంటాను. జ్వరం వచ్చి మూట విప్పింది."

ఆవిడ మామూలుగానే అంది, ఊరగాయ సంగతి చెబుతున్నట్టు. అద్దకాలావిడ కళ్లు ఊరికే బుడ్డదాని మీదికి పోతున్నాయి. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల తాగింది ఈ బోరు నీళ్లే. తల్లిపాలు తాగిన రోజుల్లో ఆ తల్లి తాగింది కూడా అవే.

"వెళ్లిపోదామండీ," అంది ఆమె. "ఎగువన అక్క వాళ్లింట్లో రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి."

"మిల్లు మానేసి మీ బావగారి పంచన పడి తినమంటావా? ఒక దుప్పటి చూసి ఇల్లూ వాకిలీ వదిలేసిన వాళ్లను ఎక్కడైనా చూశావా?"

"పోనీ, మీరొకసారి పడుకుని చూడండి."

"నేను పొద్దస్తమానం రంగుల్లో నానే మనిషిని. నాకు వస్తే వింతేముంది?" అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "బుడ్డదాన్ని పడుకోబెట్టు. దానికి వస్తే రేపే మిల్లు మానేస్తాను, నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను. రాకపోతే మాత్రం మళ్లీ ఈ ఊసెత్తొద్దు," అన్నాడు.

ముసలావిడ కూడా తలూపింది. "నాదెలాగూ చివరికొచ్చింది. పిల్ల సంగతి తేలాలి."

మర్నాడు మధ్యాహ్నం గాలన్నది లేదు. బుడ్డది చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి నిద్రకు తూలుతోంది. అద్దకాలావిడ పని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది. ముద్ద కలిపింది. అచ్చు చేతిలోకి తీసుకుంది.

ఒత్తలేకపోయింది.

ఏటిలో చేప ముదురుగా తేలిన ప్రతిసారీ తాను ఎంత మురిసిందో ఆమెకు గుర్తొచ్చింది. ఆ గుడ్డలనే ఈ గదిలో ఆరేసింది, వాటి కిందే బుడ్డది బొమ్మలు పరుచుకుని ఆడుకుంది. చేపలు వస్తే ఆ పిల్ల మొహంలోకి ఇక ఎలా చూడాలి? వచ్చాక వెళ్లిపోయి మాత్రం ఏం లాభం, లోపల దాచుకున్నది వెంటే వస్తుంది కదా. తెలియకపోతే కనీసం రాత్రి నిద్రయినా పడుతుంది. రాలేదని చెప్పేస్తాను, ఆయన నమ్ముతాడు, అమ్మ నోరు మూసుకుంటుంది అనుకుంది. అది పిరికితనమని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

అచ్చు కడిగి గూట్లో పెట్టేసింది. పటిక చుక్క కూడా తగలని ఆ కొత్త గుడ్డనే తీసుకెళ్లి మంచం మీద పరిచింది.

"ఇందులో చేపలు అద్దావా అమ్మా?" అంది బుడ్డది కళ్లు మూతలు పడుతుండగా.

"అద్దాను తల్లీ. పడుకో."

పక్క మంచం మీంచి ముసలావిడ కూతురి చేతుల వైపు చూసింది. జ్వరం వదిలినా ఆవిడకు ఇంకా లేచి నడిచే ఓపిక రాలేదు.

అద్దకాలావిడ గడప మీదే కూర్చుంది, అక్కణ్నుంచి లేవలేదు. మధ్యలో ఎవరూ గదిలోకి రాలేదు. పిల్ల ఒకసారి అటూ ఇటూ దొర్లి, నిద్రలోనే ఏదో చప్పరించి, మళ్లీ కదలకుండా పడుకుంది. పొద్దు వాలే వేళకు మిల్లు నుంచి ఆయన వచ్చాడు. చొక్కా పెరట్లో విప్పేసి, చేతులు తోముకుని, ఆమె పక్కనే నిలబడ్డాడు.

"ఏమైంది?"

"రాలేదండీ," అందామె. "ఇందాకే చూశాను. తెల్లగా ఉంది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి, ఈయన కూడా నాలాగే వణికిపోతూ ఉన్నాడన్నమాట అని ఆమెకు జాలేసింది. అబద్ధం ఆడి మంచి పనే చేశాననుకుంది.

ఆయన వెళ్లి బుడ్డదాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

గుడ్డ మీద పిల్ల పడుకున్న మేర అంతా చేపలే. తుప్పు రంగువే. కాకపోతే ఇవి చిన్నవి, పిల్ల వేలంత కూడా లేవు. చిన్న వీపు ఆనిన చోట గుంపుగా ఉన్నాయి, మోకాలు మడిచిన చోట వంపు తిరిగి ఉన్నాయి, చెంప ఆనించిన చోట రెండో మూడో విడిగా ఉన్నాయి.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "తెల్లగా ఉందన్నావు."

ఆమె దగ్గరికి వచ్చి గుడ్డను చేత్తో తడిమింది. ఇంకా వెచ్చగా ఉంది.

"నేను అద్దలేదండీ," అంది. ఆ మాట ఆమెకే సరిగా వినిపించలేదు. "మామూలు గుడ్డ అది. పటిక లేదు, ఏమీ లేదు. నేను అచ్చు ముట్టుకోనే లేదు."

"మరి ఈ చిన్న అచ్చు ఎక్కడిది? అత్తయ్యా, మీరెప్పుడు చెక్కారిది?"

ముసలావిడ గోడ ఊతంతో లేచి కూర్చుంది. కూతురు గుడ్డను ఆవిడ మొహం దగ్గరికి తీసుకెళ్లింది. అచ్చుల మధ్యే పుట్టి పెరిగిన ఆ మనిషి ఒక్కో చేప మీదా వేలు పెట్టి నిదానంగా చూసుకుంటూ వెళ్లింది.

"ఇది అచ్చు పని కాదమ్మా," అంది చివరికి. "అచ్చయితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇందులో ఏ రెండూ ఒక్కలా లేవు."

మేస్త్రి పిల్లను భుజాన వేసుకుని రేపటి మాట చెప్పబోయి మానేశాడు. రేపు మిల్లు మానేస్తాడు, బండి మాట్లాడతాడు, అందరూ ఎగువకు వెళ్లిపోతారు, ఆ సంగతి వేరే చెప్పక్కర్లేకుండానే ముగ్గురికీ తెలిసిపోయింది.

సందడికి బుడ్డది కళ్లు నులుముకుంటూ లేచింది. నాన్న భుజం మీంచి తొంగి గుడ్డను చూసింది. దాని మొహం వెలిగిపోయింది.

"నాకూ వచ్చాయి," అంది. కాసేపు తృప్తిగా చూసుకుంది. తర్వాత పెదాలు నాక్కుని, నిద్ర లేచిన ఏ పిల్లయినా అడిగేదే అడిగింది.

"అమ్మా, దాహమేస్తోంది. నీళ్లు."

నీళ్ల బిందె గది మూలనే ఉంది, దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. పిల్ల మళ్లీ అడిగింది. ముగ్గురు పెద్దవాళ్లలో ఒక్కరూ బిందె వైపు కదల్లేదు.