గోడ మీద నాగాలు

నేను ఒక గోడ క్యాలెండర్ని. తిథులు, రాహుకాలాలు, కాకినాడలో ఒక కిరాణా కొట్టు ఫోను నంబరు ఒంటినిండా అచ్చేసి, నెత్తిన రేకు బిగించి నన్ను ప్రెస్సు నుంచి పంపారు. కొత్త సంవత్సరానికి సరుకులు కొన్నవాళ్ళకి నన్ను ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చినదానికి ఇంత రోషమేమిటంటారా? వినండి మరి.

నన్ను ఇంటికి తెచ్చుకున్నది హైమావతి. భర్త పోయాక అక్క కాత్యాయని దగ్గరే ఉంటోంది. కాత్యాయని డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, సగం మాటా పడిపోయి మంచాన ఉంది. ఆవిడ పింఛను ముప్ఫై రెండు వేలు. మందులకీ డైపర్లకీ ఏడు, ఫిజియోథెరపీ అమ్మాయికి ఆరు, పగలంతా కనిపెట్టుకునే నూకరత్నానికి పద్నాలుగు. మిగిలిన అయిదింటితో హైమావతి ఇల్లు నెట్టుకురావాలి. ఆ కూడికలూ తీసివేతలూ అన్నీ నా అంచుల మీదే. రోజుకి పదిసార్లు నా ముఖం చూసేది. నేను మురిసిపోయేదాన్ని.

నూకరత్నం పనిలో కుదురుకున్నాక ఆ భోగం పోయింది. హైమావతి చూపంతా మంచం మీదే. తను కలిపి పెడితే ఉమ్మేసే పప్పన్నాన్ని నూకరత్నం పెడితే కాత్యాయని గుటుక్కున మింగేది. పొరుగింటి పుల్లకూర రుచి కదా! పైగా "రత్నం, రత్నం" అంటూ వచ్చీరాని పిలుపు. తోడబుట్టినదాని పేరుకి మాత్రం నోరు తిరగదు. హైమావతి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. నేనూ పోసుకున్నాను. మధ్యాహ్నం హైమావతి కునుకు తీయగానే ఆ మనిషి నన్ను మేకు మీంచి దించి, కాత్యాయని ఒళ్ళో పడేసి, నీలం పెన్సిలుతో నా గళ్ళ మూలల్లో కనీకనిపించని చుక్కలు పెట్టించేది. ఎందుకో తెలియక ఒళ్ళు మండేది.

జులైలో హైమావతి ఎర్ర పెన్సిలు పట్టింది. నూకరత్నం అరగంట ఆలస్యమైతే ఒక నాగా. కూతురికి జ్వరమని గంట ముందు వెళితే ఇంకో నాగా. పాలవాడికైనా ఇంత అన్యాయం జరగదు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉంది.

నెలాఖరున నాలుగు నాగాలు తేలాయి.

"ఖర్చులు తట్టుకోలేకపోతున్నాం రత్నం. రేపట్నించి పొద్దున పూట వస్తే చాలు, సగం జీతం ఇస్తాను," అంది హైమావతి.

సగం జీతంతో నూకరత్నం ఇల్లు గడవదు. ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఒంటరిగా అక్కని పక్కకి తిప్పడం హైమావతి వల్ల కాదు. వీపు పుండ్లు పడుతుంది. అది ఆవిడకీ తెలుసు. అయినా పంతం.

నాగాలు చూపించడానికి నన్ను దించి దగ్గరగా పట్టుకున్నప్పుడు నీలం చుక్కలు కంటపడ్డాయి.

"ఏమిటివి? నాకు పోటీగా నీ హాజరు నువ్వే వేసుకుంటున్నావా?"

"నా హాజరు కాదండి బాబూ. ఎడం చేతికి పని చెప్పమని ఫిజియో అమ్మాయి అందండి. రోజుకో చుక్క ఎవరికేత్తారమ్మా అనడిగితే, అమ్మగారు మీకేసి చూపించారండి. అయ్యన్నీ మీ హాజరండి."

ముప్ఫై ఒక్క చుక్కలు. ఒక్క నాగా లేదు.

కాత్యాయని ఎడమ చెయ్యి ఎత్తి చెల్లెల్ని చూపించింది. నోటితో చాలాసేపు పెనుగులాడి అంది: "దీని... జీతం?"

హైమావతి అక్క కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. తర్వాత రబ్బరు తెచ్చి నాగాలు చెరిపింది. నా కాగితం ఒకచోట చిరిగింది కూడా. నూకరత్నానికి పద్నాలుగు వేలూ చేతిలో పెట్టింది. కసరత్తులు ఎలాగూ తనకి వచ్చేశాయని నూకరత్నమే అనడంతో, ఫిజియో అమ్మాయిని రోజు విడిచి రోజు రమ్మన్నారు. మూడు వేలు మిగిలాయి. అక్క చూస్తుండగా నా అంచున హైమావతి సిగ్గుపడుతూ రాసుకుంది: "హైమ – అయిదు వందలు."

జనవరికి కొత్త క్యాలెండరు వచ్చి నా మేకెక్కింది. నన్ను విడదీసి డబ్బాల కింద పరిచారు. జులై కాగితాన్ని మాత్రం హైమావతి మడిచి, తన పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకుంది. కందిపప్పు డబ్బా మోస్తూ ఆ కాగితాన్ని తలుచుకుంటాను. అది నా ఒంట్లోదే. అయినా కడుపు మండిపోతుంది.