రాయి కూర్చున్న సీటు

తెల్లారితే చాలు, చిత్తూరులో మండీ కుప్పుస్వామి ఇంటి ముందర కారుకు స్నానం మొదలవుతాది. డ్రైవరు వెంకటముని బక్కెట్లో నీళ్లు పెట్టుకోని అంబాసిడరును తుడస్తా ఉంటే, కుప్పుస్వామి అరుగు మీద కూర్చోని "ఆ చక్రం సూడు, ఆ అద్దం సూడు" అని వేలు చూపిస్తా ఉంటాడు. ఆయప్ప పుట్టినాక ఒళ్లొంచి చేసిన కష్టమేదన్నా ఉందంటే ఆ వేలు చూపించడమే. మామిడికాయల మండీ వాళ్ల నాయన పెట్టింది. కారు మామ ఇచ్చింది. మీసం ఒకటి సొంతం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు సంగతి ఇది. అప్పటికి ఊర్లో కార్లే తక్కువ. ఆ ఉండే కార్లలో కూడా చిన్నబిడ్డ కూర్చునే సీటుండేది ఈ ఒక్కదానికే. కొడుకు తులసీరాం పుట్టినప్పుడు కుప్పుస్వామి పెండ్లాం రుక్మిణమ్మ మద్రాసులో హార్బరు కాడ అంగట్లో ఏరి ఏరి కొనుక్కొచ్చింది. ఎర్ర రెక్సిను, చేతులు ఆనించుకునేదానికి రెండు కమ్మీలు, వెనక రెండు ఇనప కొక్కీలు. ఆ కొక్కీలను డ్రైవరు పక్క సీటుకు తగిలిస్తే బిడ్డ ఉయ్యాల్లో మాదిరి ఊగతా పోతాడు.

ఆ సీటుకు ఒక గుణముండాది. దానికి ఏది ఆనుకుంటే అది పెరగతాది. ఒకసారి వెంకటముని పెండ్లాం నాగరత్నమ్మ, ఆ ఇంట్లోనే బొచ్చెలు తోమే మనిషి, సంతలో వంకాయలు కొని ఆ సీట్లో పెట్టింది. ఇల్లు చేరేసరికి అవి సొరకాయలంత అయినాయి. "అన్నీ ముదుర్లే గదా మే, కండ్లు కనపళ్లేదా నీకు?" అని రుక్మిణమ్మ తిట్టింది. అంతే. దాన్ని గురించి ఇంగ ఎవరూ మాట్లాడలేదు. కొన్ని బర్రెలు పాలెక్కువిస్తాయి, కొన్ని సీట్లు పెంచుతాయి. దీంట్లో మాట్లాడేదానికేముండాది?

తులసీరాం ఆ సీట్లోనే పెరిగినాడు. సీటుకు ఆనిన భాగమే పెరగతాది గాబట్టి, వాడికి కూర్చునే తావు పెరిగింది. చేతులతో ఎప్పుడూ మురుకులు పట్టుకోనుండె, అవి సీటుకు ఆనిందే లేదు. రెండేండ్లు నిండేలోపల వాణ్ణి దాంట్లోంచి బయటికి లాగేదానికి కొబ్బరినూనె పుయ్యాల్సి వచ్చింది. "అంతా మా పుట్టింటి పోలిక" అని రుక్మిణమ్మ మురిసిపోయింది. పాపం, పుట్టింటోళ్లను అంతకంటే బాగా ఎవురు తిట్టగలరు?

ఇంగ సీటునేం చెయ్యాల? కార్వేటినగరం నుంచి చెల్లెలు రాఘవమ్మ వచ్చి, "మా పాపకియ్యక్కా, నీకింగ పనిలేదు గదా" అని అడిగింది. "వాడేసిన వస్తువును నా తోడబుట్టినదానికి ఇస్తానా? నాకు మనసెట్లొస్తాది రాఘవా?" అని రుక్మిణమ్మ చెల్లెలి గడ్డం పట్టుకోని, కాఫీ తాపిచ్చి, వొట్టి చేతులతో బస్సెక్కించింది. కుప్పుస్వామి అటక మీద పెడదామన్నాడు.

"అటక మీద పెడితే రోడ్డున పోయేవాళ్లకు ఎట్ల కనపడతాది?" అనింది రుక్మిణమ్మ.

నిజమే గదా! కారు ఇంకెవురైనా కొంటారు, సీటు కొనగలరా? అందుకని అది కార్లోనే ఉండిపాయె. కారు పోతా ఉంటే ఖాళీగా ఊగతా ఉండె.

అది చూసి కుప్పుస్వామి తల్లి సుబ్బులమ్మ గుండెలు బాదుకునింది. "ఖాళీ ఉయ్యాల ఊగితే బిడ్డకు కీడని తెలీదా మీకు? ఇంట్లో మొగపిల్లోణ్ణి పెట్టుకోని ఏం బుద్ధులివి!" అనింది. అని, దారి కూడా ఆమే చూపించింది. ఉయ్యాల్లో బిడ్డను వేసేముందు రుబ్బురోట్లో తిరిగే పొత్రం రాయిని పడుకోబెట్టేది ఆచారమే గదా. ఆ పొత్రాన్నే తెచ్చి సీట్లో కూర్చోబెడితే సరిపోతాదని తేల్చేసింది. రుక్మిణమ్మ పొత్రాన్ని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎండ తగలకుండా తులసీరాం పాత టోపీ కూడా పెట్టింది. గాంధీ రోడ్డులో జనం మాడిపోతా బస్సు కోసం నిలబడుంటే, వాళ్ల ముందర రుబ్బురోటి రాయి టోపీ పెట్టుకోని కార్లో పోయింది.

నాగరత్నమ్మకు ఒక్కతే కూతురు, చౌడమ్మ. ఏడేండ్లు నిండినా చూసేదానికి మూడేండ్ల పాప మాదిరి ఉంటాది. ఆ కాలంలో బళ్లో చేర్చుకునేదానికి కొలత ఒకటే. కుడిచేతిని నెత్తిమీదుగా వేసి ఎడమ చెవిని పట్టుకోవాల. అందితే ఒకటో తరగతి, అందకపోతే ఇల్లు. చౌడమ్మ చెయ్యి నడినెత్తి దాటి రవంత దిగి, చెవికి పైనే నిలిచిపోతాది. ప్రతి జూన్‌లోనూ తల్లి తీసకపోతాది, ప్రతి జూన్‌లోనూ హెడ్మాస్టరు సుబ్రమణ్యం అయివోరు తల అడ్డంగా ఊపతాడు. పోయినేడు ఆయన, "ఆరు దాటినాయి దీనికి. మళ్లీసారి కూడా అందకపోతే ఇంగ నా కాడికి తీసుకరాబాక" అని కరాఖండిగా చెప్పేసినాడు.

ఆ మాట రుక్మిణమ్మ చెవిన పడింది. "ఇంగేం మరి? అందకపోతే మా వంటింట్లో పెట్టు. బొచ్చెలు తోమేదానికి చెవి అందాల్సిన పన్లేదు గదా" అనింది. అని నవ్వింది కూడా.

నాగరత్నమ్మను కూడా చిన్నప్పుడు ఇట్లనే ఎవురో వంటింట్లో పెట్టినారు. ఇంతవరకూ బయటికి రాలేదు. ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"అమ్మా, మా ఆయన మండీకి పోయొచ్చేటప్పుడు బిడ్డను రవంతసేపు ఆ సీట్లో కూర్చోబెట్టుకోనా? చెయ్యి అంగుళం సాగితే చాలమ్మా. బళ్లో చేర్చుకుంటారు."

"ఏమ్మే! నీ బిడ్డ పెరిగితే మా వోడి పెరుగుదల తగ్గిపోదా?" అనింది రుక్మిణమ్మ. "అయినా దాంట్లో రాయి కూర్చోనుండాది గదా. దాన్ని దించి నీ కూతుర్ని కూర్చోబెట్టమంటావా?"

అట్లా చెప్పింది మహాతల్లి, సిగ్గూ ఎగ్గూ లేకుండా. నాగరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకోని పోయి బాయికాడ ఏడ్చింది.

రాయికి మాత్రం ఏం లోటు? కాయల కాలం గదా, తోటలకూ మండీకీ కారు తిరగతానే ఉండె, రాయి పెరగతానే ఉండె. మొదట గుమ్మడికాయంత అయింది. టోపీ చాలకపోతే రుక్మిణమ్మ తువ్వాలు చుట్టింది. జూన్ వచ్చేసరికి అది గంగాళమంత అయి, కొక్కీలు సాగిపోయి, కారు ఎడమపక్కకు ఒరిగి కుంటతా నడిచింది. షెడ్డు మేస్త్రీ కారు కింద దూరి బయటికొచ్చి, "అయ్యా, స్ప్రింగులు ఇరిగిపోయినాయి. ఇంగొకసారి ఏ రాయిని ఎక్కించినా కారు పాత ఇనుము కింద గుజిరీకి పోతాది" అన్నాడు. మండీ హమాలీలు మోకులు కట్టి రాయిని దించి వాకిట్లో పడేసినారు. కుప్పుస్వామి వేలు చూపించినాడు.

బడి తెరిచే ముందురోజు శ్రీకాళహస్తిలో రుక్మిణమ్మ అన్న కూతురి పెండ్లి. పుట్టింటోళ్లంతా వస్తారు. సీటు లేని కార్లో దిగితే ఆమె తల యాడ పెట్టుకుంటాది? సీటుండాల, అది ఖాళీగా ఊగకూడదు, దాంట్లో బరువు పెట్టకూడదు. సుబ్బులమ్మ చెప్పిందని పెండ్లికి ఇచ్చే గుమ్మడికాయను పెట్టి చూసినారు. కారు వీధి దాటేసరికి అది ఉబ్బి ఫట్‌మని పగిలి, గింజలన్నీ రుక్మిణమ్మ కంచి పట్టుచీర మీద పడినాయి. వెనక్కొచ్చి చీర మార్చుకోని, వాకిట్లో నిలబడి పిచ్చెత్తినట్టు నాలుగుపక్కలా చూసింది. బాయికాడ చౌడమ్మ చెంబు కడగతా కనిపించింది.

"ఇదిగో, దీన్ని కూర్చోబెడదాం" అనింది.

"డ్రైవరు కూతురినా?" అని సుబ్బులమ్మ ముక్కు మీద వేలేసుకునింది. "అది పెరిగిపోతే?"

"ఏడేండ్లుగా పెరగనిది ఒక్క పూటలో పెరగతాదా అత్తా? అది పెరిగే జాతి కాదులే. రాయికంటే నయం, బరువు కూడా లేదు."

నాగరత్నమ్మ ఆ మాటలన్నీ వినింది. కోపం తెచ్చుకునేదానికి ఆమెకు టయిం లేదు. పరిగెత్తకపోయి కూతురి మొహం కడిగి, పాత పావడానే దులిపి కట్టి, చెవిలో చెప్పింది. "ఇను బంగారూ. రెండు చేతులూ భుజాల కాణ్ణుంచి ఆ కమ్మీలకు ఆనించి పెట్టుకో. గోక్కోవాలనిపించినా తియ్యబాక. ఎవురేం పెట్టినా చెయ్యి చాపబాక. కూర్చునే తావు పెరిగితే పెరగనీ, పావడా కప్పతాది."

కారు బయల్దేరింది. వెనక సీట్లో తులసీరాం కూర్చున్నాక మిగిలిన మూలలో రుక్మిణమ్మ ఒదిగింది. చంద్రగిరి దాటేసరికి ఆమె నోరు తెరుచుకోని గుర్రు పెడతా ఉండె. చౌడమ్మ కమ్మీలను పట్టుకోని, రెప్ప కూడా వెయ్యకుండా రోడ్డును చూస్తా కూర్చునింది. రేణిగుంట కాడ 'చిట్' అని చప్పుడయింది. బిడ్డ చేతి గాజు బిగుసుకోని పగిలింది. రవంతసేపటికి ఇంగొకటి. వెంకటముని పక్కకు తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపొస్తాదేమోనని భయం. బండి వేగం మాత్రం తగ్గించినాడు.

"ఏం వెంకటమునీ, ఎద్దులబండి తోలినట్టు తోలతాండావే?" అని రుక్మిణమ్మ నిద్దట్లోంచి అరిచింది.

"స్ప్రింగులమ్మా, కొత్తవి" అన్నాడు వెంకటముని.

పోయేటప్పుడూ అట్లే పోయినాడు, వచ్చేటప్పుడూ అట్లే వచ్చినాడు. పెండ్లింట్లో రుక్మిణమ్మ పదిమందిని కారు కాడికి పిలిచి సీటు చూపించింది. వాళ్లంతా సీటును చూసినారు. దాంట్లో ఒక బిడ్డ ఉండాదని, ఆ బిడ్డ చేతులు మోకాళ్లు దాటి పోతా ఉండాయని ఒక్కరికీ కనపళ్లేదు. పనోళ్ల బిడ్డల్ని చూసే అలవాటుంటే గదా.

మరుసటి రోజు బళ్లో సుబ్రమణ్యం అయివోరు తలెత్తకుండానే, "పోయినేడే చెప్పినా గదమ్మా" అన్నాడు.

"ఒక్కసారి సూడయ్యా" అనింది నాగరత్నమ్మ.

చౌడమ్మ కుడిచేతిని ఎత్తి నెత్తిమీదుగా వేసింది. వేళ్లు ఎడమ చెవిని పట్టుకున్నాయి. పట్టుకోని, ఆగలేదు. చెవి దాటి, దవడ మీదుగా దిగి, గడ్డం కింద దోమ కుట్టిన తావును గోక్కున్నాయి. అయివోరు కండ్లద్దాలు సర్దుకోని చూసినాడు. ఇంతమందికి కొలత పట్టినాడు గానీ, ఇంత బాగా అందిన బిడ్డను ఆయన చూసింది లేదు. "పేరు చెప్పమ్మా" అన్నాడు.

"చౌడేశ్వరమ్మ" అనింది ఆ పిల్ల, ఎవురూ తొందరపెట్టకుండా, పేరంతా.

నాగరత్నమ్మ బడి గోడకు ఆనుకోని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. ఇంటికొచ్చి, ఆ రోజు బొచ్చెలు తళతళ మెరిసేట్టు తోమింది.

ఆ వారంలోనే రుక్మిణమ్మ తిరుపతికి బయల్దేరింది. కారు కాడికొచ్చి, ఖాళీ సీటును చూసి కేకేసింది. "నాగరత్నా! యాడ నీ కూతురు? బిన్నా తీసుకరా, పొద్దుపోతాండాది."

"బడికి పోయిందమ్మా" అనింది నాగరత్నమ్మ, పీట మీద నుంచి లేవకుండా.

"బడికా? దానికి చెవి యాడ అందింది?"

"అందిందమ్మా."

రుక్మిణమ్మ ఆ బిడ్డ చేతులు ఎంతుండినాయో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. చేతులు కాదు గదా, మొహం కూడా గుర్తుకు రాలేదు. వెనక సీట్లోంచి తులసీరాం మురుకులకు ఏడవతా ఉండాడు. కుప్పుస్వామి అరుగు మీద నుంచి వేలైతే ఎత్తినాడు గానీ, ఎవుర్ని చూపించాలో తెలీక దించేసినాడు.

"మరి ఇప్పుడు ఈ సీట్లో ఎవుర్ని కూర్చోబెట్టేది మే?" అనింది రుక్మిణమ్మ.

నాగరత్నమ్మ మసి చేత్తో వాకిట్లోకి చూపించింది.

"రాయుండాది గదమ్మా. దానికి బడి లేదు."