ఆయిల్ పెరిగిన ట్రాక్టరు

రైతుల సంఘం ట్రాక్టరు గేర్‌బాక్సు మూలుగుతోందని అందరికంటే ముందు చెప్పినవాడు దాని డ్రైవరు. అందరికంటే ఆలస్యంగా నమ్మినవాడు సంఘం అధ్యక్షుడు. ఈ రెండింటికీ మధ్య ఆరు వారాలు గడిచాయి, రెండు సమావేశాలు జరిగాయి, ఒక తీర్మానం కూడా అయింది.

డ్రైవరును అందరూ నెమ్మది అని పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా ఆ ట్రాక్టరు తప్ప మరొకటి తోలి ఎరగడు. దాని దగ్గూ తుమ్మూ అతనికి కొట్టినపిండి.

"సార్, రెండో గేరులో అరగంట దున్నితే చాలు, లోపల ఎవరో మూలుగుతున్నట్టుంది. పొద్దున్నే గేరు వెయ్యాలంటే రెండు చేతులూ కావాలి" అని మొరపెట్టుకున్నాడు.

అధ్యక్షుడు ఆయిల్ కొలిచే పుల్ల తీయించి చూశాడు. ఆయిల్ గీత దాటి పైకే ఉంది.

"కడుపు నిండా ఆయిల్ పెట్టుకుని మూలగడమేమిటయ్యా? మూలిగేది నువ్వు!"

"రంగు కూడా తెల్లబడింది సార్."

"వయసొస్తే ఎవరికైనా తెల్లబడుతుంది" అన్నాడు అధ్యక్షుడు, రంగేసుకున్న తన జుట్టు సవరించుకుంటూ.

తర్వాతి వారానికి ఆయిల్ ఇంకాస్త పైకి వచ్చింది. ఇది ఆయనకు దిగులు కలిగించాల్సింది పోయి గర్వం కలిగించింది. సమావేశంలో లేచి నిలబడి, "పాత పాలకవర్గం హయాంలో ఈ ట్రాక్టరు ఆయిల్ తాగేది. మన హయాంలో ఆయిలే పెరుగుతోంది" అని ప్రకటించాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో 'ఆయిల్ నిల్వలో అర అంగుళం వృద్ధి' అని రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీశాడు.

వృద్ధి ముదిరేకొద్దీ మూలుగు అరుపైంది. అప్పుడు సంఘం వారు ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. ఆయన ఆయిల్ డబ్బాల అమ్మకందారు. మెడలో టై, చేతిలో రంగుల బొమ్మల పుస్తకం. గేర్‌బాక్సు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు తల ఊపాడు. పైపైన కాస్త ఆయిల్ తోడించి, ఎలా ఉందో కూడా చూడకుండా పారబోయించి, తన సంచిలోంచి తీసిన చిక్కటి మందు నాలుగు డబ్బాలు పోయించాడు.

రెండు రోజులు అరుపు తగ్గింది. మూడో రోజు నాగలి లేవనని మొరాయించింది. ఆ పాత ట్రాక్టరులో గేర్లు తిరిగేదీ, నాగలిని పైకెత్తేదీ ఒకే ఆయిల్. నెమ్మది మీట లాగితే నాగలి నడుం పట్టేసిన మనిషిలా జానెడు లేచి, ఆలోచించుకుని, మళ్లీ కూలబడేది. సలహాదారుకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది.

తప్పు ఎవరో ఒకరిది కావాలి. సలహాదారు దొరకలేదు, ట్రాక్టరు మాట్లాడదు. మిగిలింది నెమ్మది. 'నిర్లక్ష్యం వల్ల సంఘం ఆస్తికి నష్టం కలిగించినందుకు నిన్ను ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో తెలుపవలెను' అని అతనికి కాగితం ఇచ్చారు.

ఆ రోజే అధ్యక్షుడి భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు పక్క ఊళ్లో మెకానిక్కు. పాతికేళ్లుగా ట్రాక్టర్లు విప్పుతున్నాడు. అయినా ఇంటి మనిషికి పని చెబితే దానికి విలువ ఉండదని బావ నమ్మకం.

"మీ బావ పరువు గేర్‌బాక్సులో ఇరుక్కుందిరా. వచ్చి బయటికి తియ్యి" అంది అక్క.

మెకానిక్కు మధ్యాహ్నానికల్లా వచ్చాడు. పనిముట్ల పెట్టె తెరవలేదు. చేతులు కట్టుకుని ట్రాక్టరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముప్ఫై ఏళ్ల బండి కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. అదే అతనికి నచ్చలేదు.

"దీన్ని రోజూ కడుగుతారా అన్నా?" అని నెమ్మదిని అడిగాడు.

"రోజూ సాయంత్రం. ప్రెజర్ పంపుతో. రెండు నెలల్నించీ సార్ ఆర్డరు. ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికొస్తే ఫొటో బాగా రావాలట."

మెకానిక్కు గేరు రాడ్డు మొదట్లో ఉన్న రబ్బరు తొడుగును వేలితో ఎత్తి చూశాడు. అది ఎప్పుడో చిరిగిపోయింది.

"రేపు పొద్దుటిదాకా దీన్ని ఎవరూ స్టార్ట్ చెయ్యొద్దు, కదపొద్దు" అన్నాడు.

"వచ్చీ రాగానే వాయిదానా?" అన్నాడు బావ.

"నీళ్లు అడుక్కి దిగాలి బావా."

"ఏ నీళ్లు?"

"రేపు చూద్దువుగాని."

పొద్దున షెడ్డులో పదిమంది సభ్యులు చేరారు. మెకానిక్కు బండి కింద దూరి, అడుగు బోల్టు సగం వదులు చేసి, గాజు సీసా పెట్టాడు. ముందు సీసాలో పడింది ఆయిల్ కాదు. తేట నీళ్లు. తర్వాత పాలెక్కువైన కాఫీలాంటి ద్రవం బుడగలతో దిగింది. సభ్యులు నోరెళ్లబెట్టారు.

"ఇవి నీళ్లేనంటావా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"అనుమానమైతే రుచి చూడు బావా."

ఆయిలంతా బకెట్లలోకి దించేశాక, పూర్తిగా విప్పిన బోల్టు చివరనున్న అయస్కాంతాన్ని మెకానిక్కు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. మెత్తటి ఇనుప పొడి తప్ప ముక్కల్లేవు. అతని ప్రాణం కుదుటపడింది. "పళ్లు విరగలేదు. ఇది మామూలు అరుగుదలే" అన్నాడు. ఫిల్టరు విప్పితే తెల్లటి నురగ ముద్ద కట్టి ఉంది. "నాగలెత్తే పంపుకు ఊపిరాడలేదు, అంతే. దీనికి తోడు ఆ చిక్కటి మందొకటి!"

తర్వాత ఒక మగ్గుడు నీళ్లు తెచ్చి, అందరూ చూస్తుండగా గేరు రాడ్డు మొదట్లో పోశాడు. నీళ్లు పైన నిలవలేదు, పక్కలకూ కారలేదు. కాసేపటికి అడుగు రంధ్రంలోంచి సీసాలోకి చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

కార్యదర్శి కలం విప్పాడు. "కారణం ఏమని రాయమంటారు సార్?"

అధ్యక్షుడు నీళ్లు నమిలాడు. "వానలు... అని రాయి."

"రెండు నెలలుగా చినుకు లేదు కద సార్."

"అయితే గాలిలో తేమ!"

కార్యదర్శి గాలిలో తేమ అని రాసుకున్నాడు.

"మీ పుస్తకం మీ ఇష్టం" అన్నాడు మెకానిక్కు, అడుగు బోల్టును చొక్కా జేబులో వేసుకుంటూ. "కానీ డ్రైవరుకిచ్చిన కాగితం రద్దయితేనే ఇది మళ్లీ బిగిస్తాను."

"నన్నే బెదిరిస్తావురా?"

"లేదు బావా. ఈ మనిషి ఆరు వారాల కిందటే చెప్పాడు. రంగు మారిందనీ చెప్పాడు. మీరెవరూ వినలేదు."

నెమ్మది గోడ పక్కన తల వంచుకుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షుడు అతని వైపు చూడలేకపోయాడు. ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన భార్య వైపు చూశాడు.

"చింపేదేదో తొందరగా చింపండి. టీ చల్లారిపోతోంది" అందావిడ.

అధ్యక్షుడు వెళ్లి చెయ్యి చాచాడు. నెమ్మది కాగితం ఇచ్చాడు. అది రెండు ముక్కలైంది.

ఆ రోజంతా పని సాగింది. పలచటి ఆయిల్ పోసి, ఇంజను కాసేపు తిప్పి, మొత్తం దించేశారు. రంగు తేలేదాకా అలా రెండుసార్లు. కొత్త ఫిల్టరు, కొత్త రబ్బరు తొడుగు, ఆ బండికి పడే ఆయిల్, సరిగ్గా గీత దాకా. ఇరవై గంటలు నడిచాక మళ్లీ మార్చాలని మెకానిక్కు మరీ మరీ చెప్పాడు. ప్రెజర్ పంపును అక్క ఎవరికీ చెప్పకుండా ఇంట్లో పెట్టి తాళం వేసింది.

సాయంత్రం నెమ్మది రెండు వేళ్లతో గేరు వేశాడు. పడింది. నాగలి ఒక్క ఊపున లేచింది. అతను మొహం పక్కకు తిప్పుకుని, జిడ్డు చేతిగుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. నుదుటిదాకా నల్లటి మరక పడింది.

మెకానిక్కు బైకు దగ్గర సామాను సర్దుకుంటుంటే బావ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కడగమన్నది నేనేరా."

"తెలుసు బావా."

"వాడికి నా మీద కోపంగా ఉంటుందేమో."

"నన్నడిగితే ఏం లాభం? అతన్నే అడుగు."

బావ కాసేపు తటపటాయించి, నెమ్మది దున్నుతున్న పక్క పొలంలోకి నడిచాడు. ట్రాక్టరు ఆగింది. ఏం మాట్లాడుకున్నారో బైకు దాకా వినబడలేదు. కానీ ఇస్త్రీ బట్టలతో ఉన్న అధ్యక్షుడు మడ్‌గార్డు మీదికెక్కి, కడ్డీ పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ట్రాక్టరు రెండో గేరులో కదిలింది. నాగటి చాలు చివర మలుపు తిరిగేసరికి ఆయన మోకాళ్లదాకా దుమ్ము కొట్టుకుపోయింది. దులుపుకోలేదు.