బురదలో తోడికోడళ్ళు

తోడికోడళ్ళిద్దరికీ మాటలు లేవు. వేరు కాపురం పెడదామని చిన్నకోడలు మొగుడితో అన్న మాట గోడ దాటి పెద్దకోడలి చెవిన పడింది. అప్పట్నుంచి ఒకరు వంటగదిలో ఉంటే ఇంకొకరు పెరట్లో ఉంటున్నారు. కానీ సముద్రం వెనక్కి తగ్గి నీరు తీసిన బురదమీదికి ఒంటరిగా వెళ్ళకూడదు కనుక, ఆ పొద్దున కూడా చెరో చెక్క భుజాన వేసుకుని, మూతులు ముడుచుకునే బయల్దేరారు.

వాళ్ళు పట్టేది గెంతుడు చేపల్ని. నీళ్ళలో ఎలాగో నేలమీదా అలాగే బతికే జాతి అది. నెత్తిన కళ్ళేసుకుని, ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి బురదమీద పాకుతుంది. చిన్న అలికిడైతే చాలు, ఎగిరి బొరియలో పడుతుంది. చెక్కమీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదను తన్నుకుంటూ జారివెళ్ళి, భుజందాకా చెయ్యి దూర్చి దాన్ని బయటికి లాగాలి. చిన్నకోడలికి ఈ పని నేర్పింది పెద్దకోడలే.

ఆ రోజు పెద్దకోడలు కోపం కొద్దీ చాలా దూరం పోయింది. బలిసిన చేప ఒకటి కనబడితే చెక్క దిగి అడుగేసింది. కింద బొరియలన్నీ కలిసిపోయి డొల్లయిన చోటు అది. నేల గబుక్కున కూలి కుడికాలు తొడదాకా దిగబడింది. రెండో కాలు ఆనించి లేవబోతే అదీ మోకాలిదాకా పోయింది. చెక్క అందనంత దూరం జారిపోయింది.

"ఒసేయ్! ఇటు రావే!"

చిన్నకోడలు వచ్చి, చంకల కింద చేతులేసి లాగింది. పెద్దకోడలు కెవ్వుమంది. లాగినకొద్దీ బురద ఇంకా బిగిసింది.

"లాగకే, మోకాలు ఊడొచ్చేలా ఉంది. ఒడ్డుకెళ్ళి మీ బావగార్ని పిలుచుకురా. మోకు తెమ్మను."

చిన్నకోడలు ఒడ్డువైపు చూసింది. అక్కడి మడచెట్లు వేలెడంత కనబడుతున్నాయి. సముద్రంవైపు తిరిగింది. దూరంగా బురదంతా కదులుతున్నట్టుంది. తేరిపార చూస్తే అవి గెంతుడు చేపలు. గుంపులు గుంపులుగా గెంతుకుంటూ చెట్ల వేళ్ళెక్కడానికి ఒడ్డుకు పోతున్నాయి. వాటి వెనకే తళతళమంటూ నీటి అంచు. పోటు మొదలైంది.

"నేను వెళ్ళొచ్చేసరికి నీళ్ళు నీ తల దాటతాయక్కా."

"అందుకే చెప్తున్నా. నువ్వన్నా ఒడ్డెక్కు."

"కాస్త నోరు మూసుకుంటావా?"

పెద్దకోడలితో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

తన చెక్కను అడ్డంగా వేసి, బోర్లా పడుకుని, తొడ పక్కనుంచి చేత్తో తవ్వసాగింది. తవ్విన చోటల్లా బురద మళ్ళీ పూడుకుపోతోంది. గోళ్ళు విరిగాయి. అంతలో ఆమెకు ఒకటి తట్టింది. చేపల బొరియల్లో చెయ్యి అంత సులువుగా ఆడేది లోపల నీళ్ళుండబట్టే కదా!

"అక్కా, కదలకు. నీళ్ళు రానీ."

"పిచ్చిపట్టిందా నీకు?"

"నీళ్ళు కాలి కిందికి దిగితేనే బురద వదులుతుంది. చెక్కమీద వెనక్కి వాలు."

నీళ్ళొచ్చాయి. ముందు సన్నగా పాకి, చూస్తుండగానే నడుముదాకా లేచాయి. చిన్నకోడలు చేతిని లోపలికంటా దింపి, నీటికి దారి చేస్తూ కాలి చుట్టూ తిప్పుతోంది. ఎడమకాలు ఊడొచ్చింది. కుడికాలు రాలేదు. నీళ్ళు ఛాతీ దాటాయి.

"నేను పోతే వంటగదంతా నీదేనే," అంది పెద్దకోడలు, పళ్ళు టకటకలాడుతుంటే.

"నువ్వు మాడ్చిన గిన్నెలన్నీ ఎవరు తోముతారు? కాలివేళ్ళు ఆడించు!"

"ఆడుతున్నాయే... ఆడుతున్నాయి!"

చిన్నకోడలు ఊపిరి బిగించి మునిగింది. మడమ దొరికింది. మెల్లగా పక్కకు తిప్పి పైకెత్తింది. మోకాలిలో ఏదో పటుక్కుమంది, కాలు బయటపడింది. పైకి తేలేసరికి పెద్దకోడలు గడ్డందాకా నీళ్ళలో, చెక్కను కరుచుకుని ఏడుస్తోంది. ఇద్దరూ ఆ ఒక్క చెక్కనే పట్టుకుని తేలారు. పోటే వాళ్ళను మడచెట్లలోకి తోసింది.

ఒడ్డెక్కాక చిన్నకోడలు పెద్దకోడలి పని చొక్కాను గుప్పిట్లో పట్టుకుంది, ఎంతకీ వదల్లేకపోయింది. పెద్దకోడలే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా విప్పింది.

పెద్దకోడలి మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. చిన్నకోడలు వేరు కాపురం పెట్టనే పెట్టింది, పక్క సందులోనే. పెద్దకోడలు కొన్నాళ్ళు అటు తొంగిచూడలేదు. ఒకరోజు కుంటుకుంటూ వెళ్ళి, పొయ్యి ఏ మూల పెట్టాలో చెప్పి, తన మాట వినలేదని తిట్టిపోసి వచ్చింది.