రెండు వేళ్ల నైట్రోజన్

సకల జనుల సమ్మెకు బస్సులు బందైన మూడో రోజు నవ్య థర్మోకోల్ పెట్టె మూత తీసి చూసింది. పొడి మంచు (డ్రై ఐస్) గుప్పెడే మిగిలింది.

తండ్రి రాజమల్లు తాటిచెట్టు మీంచి పడ్డాడని ఫోన్ వస్తే, అరకు కాఫీ తోట నుంచి హైదరాబాద్ ల్యాబుకు చేరాల్సిన ఆ పెట్టెతోనే సొంతూరు కథలాపూర్ వచ్చేసింది. అందులో పన్నెండు చిన్న గొట్టాలు. వాటి నిండా పచ్చదనం పోయి ఎర్రబడుతున్న కాయల ముక్కలు. రంగు మారే వేళ కాయలో ఏ జన్యువు పని మొదలుపెట్టింది, ఏది మానేసింది అన్నది నవ్య పరిశోధన. ఆ ఆనవాలు గడ్డకట్టి ఉన్నంతసేపే. కరిగితే గంటల్లో చెరిగిపోతుంది.

కరెంటు కోతలకు ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ బీరువాలయ్యాయి. ఇక మిగిలింది పశువులకు సూదులు వేసే గోపాలమిత్ర కొమురయ్య ఇంట్లోని నైట్రోజన్ క్యాన్. బర్రెలు చూడి కట్టడానికి వేసే ఎదసూది మందు దాచేది అందులోనే.

కొమురయ్య క్యాన్‌లో సన్నటి కట్టె ముంచి తీశాడు. మంచు రెండు వేళ్ల మేర పట్టింది. నైట్రోజన్ మిగిలింది అంతే.

“జగిత్యాల నైట్రోజన్ బండి రాక పన్నెండొద్దులాయె. మూత తీసినప్పుడల్లా ఇంత గాలిల కలుస్తది. నీ కాయలు పెడ్త గని, మళ్ల తీస్తే శనివారం దాక ఆగది.”

“శనివారం మా ల్యాబు సారు కారుల మంచు తెస్తడు, కాకా. గంతల ఎవరి బర్రెన్న ఎదకస్తే?” అంది నవ్య.

“తెలంగాణ అచ్చేదాక బర్రెలను గూడ సమ్మెల కూసోమందాం” అని నవ్వి, గొట్టాలను క్యాన్‌లోకి దించాడు కొమురయ్య.

గురువారం తెల్లవారకముందే నవ్య వాళ్ల కొట్టంలోనే బర్రె అరిచింది. తల్లి గంగవ్వ వెళ్లి చూసి, కొమురయ్యకు కబురు పెట్టకుండా గడ్డి వేసింది. మొగుడు కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆ పాల మీదే, అవీ తగ్గుతున్నాయి. పోయినసారి వేయించిన సూది నిలవలేదు.

పక్కింటి కళావతి గోడ మీంచి తొంగి చూసింది. “ఏందక్కా, బర్రె గట్ల ఒర్లుతుంది?”

“ఎండకు.”

“పొద్దే పొడువలే, ఎండ యాడికెల్లి అచ్చింది?”

గంగవ్వ ఇంటివైపు తిరిగింది. నవ్య గడపలో నిలబడి ఉంది.

“అమ్మా, కొమురయ్య కాకను పిలువు.”

“ఇరవయ్యొక్క దినాలకు మళ్ల ఎదకస్తది తియ్. నీ కాయ ఎప్పుడస్తది?”

“అచ్చే ఏడు.”

“ఏడాదా?” గంగవ్వ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. “అయితే పో, పండు బిడ్డ. ఇంత రాత్రి లేచినవ్.”

నవ్య పడుకోలేదు. బకెట్ నిండా నీళ్లు తెచ్చి బర్రె ముందు పెట్టింది. అది మూతి ముంచి, తాగకుండానే తల ఎత్తి మళ్లీ అరిచింది.

ఆ రోజంతా అరుస్తూనే ఉంది. దీపాల వేళకు ఎద దాటిపోయి కొట్టం నిశ్శబ్దమైంది.

“ఆగిందా?” మంచంలోంచి అడిగాడు రాజమల్లు.

“ఆగింది” అంది గంగవ్వ, పాల గిన్నె తోముతూ.