ప్రార్థనలో పెట్టిన పేరు

రత్నమాల బకెట్‌లోంచి ఏడో ఫాల్ తీసి, పిండి, మెట్ల కింద కట్టిన తీగ మీద ఆరేసింది. తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ ముడుచుకుపోయి చీర అంచును పైకి లాగుతుంది. అమీర్‌పేటలో చాలామంది ఈ తడిపే పని మానేశారు. ఆమె మానలేదు. మ్యాచింగ్ సెంటర్ మెట్ల కింద నాలుగడుగుల చోటు, ఒక పీకో మిషను, రంగు దారాల డబ్బా. ఇరవై ఆరేళ్లుగా ఆమె పగళ్లన్నీ అక్కడే గడిచాయి. మెడ ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. నడుస్తున్నప్పుడు కూడా సూదిని చూస్తున్నట్టే ఉంటుంది.

సాయంత్రంలోగా తొమ్మిది చీరలు ఇవ్వాలి. ఆ తర్వాత పంజాగుట్ట దవాఖానకు వెళ్లాలి. తల్లి ఎలీసమ్మ అక్కడ ఇరవై రోజులుగా ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. తీస్తున్నారు, మళ్లీ చేరుతోంది. ఎన్నాళ్లని రత్నమాల అడగలేదు. డాక్టరమ్మే పక్కకు పిలిచి, చూడవలసిన వాళ్లుంటే చూపించండని చెప్పింది.

ఆ మాటను ఆమె తట్టుకుంది. తట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. వారం కిందట ఆమె తల్లికి అబద్ధం చెప్పింది.

రత్నమాల కూతురు షారోనుకు రెండు నెలల కిందట ఆడపిల్ల పుట్టింది. మునిమనవరాలికి దొర్కా అని పేరు పెట్టాలని ఎలీసమ్మ కోరిక. షారోను ఒప్పుకోలేదు. ఆమె, ఆమె భర్త రాకేశ్ కలిసి మైరా అని ముందే అనుకున్నారు. జనన ధ్రువపత్రం కూడా ఆ పేరుతోనే వచ్చేసింది. దొర్కా అంటే చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునే ముసలమ్మ గుర్తొస్తుందని, బడిలో పిల్లలు దాన్ని బతకనివ్వరని షారోను వాదన.

నిజానికి రత్నమాలకూ ఆ పేరు నచ్చలేదు. బైబిలులో దొర్కా విధవరాళ్లకు బట్టలు కుట్టిపెట్టిన మనిషి. కుట్టుపని తనతో ఆగిపోతే చాలనుకుంది. అది పిల్ల పేరులోకి కూడా ఎందుకు? కానీ ఎలీసమ్మ రోజూ అడిగేది. సూది గుచ్చుతున్నా అడిగేది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెడుతున్నా అడిగేది. ఒకరోజు రత్నమాల విసిగిపోయి, పెట్టేశామమ్మా, దొర్కా అనే పెట్టాం అంది. ఆ రాత్రి ఎలీసమ్మ దగ్గకుండా నిద్రపోయింది.

పదకొండింటికి ఫఖ్రున్నీసా టీ పట్టుకొచ్చింది. పక్కనే గాజుల బండి ఆమెది. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఒకే ప్లాస్కు టీ తాగుతున్నారు. అబద్ధం సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

"మా ఇంట్ల మనవరాళ్లను జూడు, ఒకతి మదీహా, ఒకతి ఉమైరా," అంది ఫఖ్రున్నీసా. "నా పేరు ఎవ్వలు పెట్టుకోరు. బస్సు పాసు మీద సుత పట్టదు గా పేరు. నాతోనే ఖతం."

"నీకు బాధనిపియ్యదా?"

"పేరుకేం బాధ రత్నమ్మా. నువ్వు అమ్మకు ఝూట్ చెప్పినవు సూడు, దాని ఫికర్ చెయ్యి జర."

రత్నమాల కప్పు కడిగి బోర్లించి, ఆకుపచ్చ పట్టుచీర ఒళ్లోకి లాక్కుంది.

మధ్యాహ్నం దీనమ్మ వచ్చింది. ఆమె వాళ్ల చర్చి సంఘంలో బైబిలు స్త్రీ. ఇళ్లకు, దవాఖానలకు తిరిగి ప్రార్థన చేస్తుంది. చేతిలో ఫాల్ వేయాల్సిన చీర ఒకటి ఉంది. రంగు, వెల మాట్లాడుకున్నాక సంతోషంగా అసలు మాట చెప్పింది.

"మొన్న గురువారం ఉపవాస కూడికల మీ దొర్కా కోసం కృతజ్ఞత చెల్లించినం. మీ అమ్మ నర్సుతోని ఫోన్ చేయించింది. నలభై మందిమి మోకాళ్ల మీద ఉండి, పేరు పెట్టి ప్రార్థన చేసినం రత్నా."

దీనమ్మ వెళ్లాక చూసుకుంటే ఆకుపచ్చ చీరకు మెరూన్ దారం పడి ఉంది. అంచు పొడుగునా మూరన్నర కుట్టేసింది. బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టే విప్పింది. చీరకు పడిన కుట్టు విప్పవచ్చు. నలభై మంది మోకాళ్ల మీద పలికిన పేరును ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. వాళ్లు దేవునికి చెప్పారు. ఆయన దగ్గర ఆ పేరుతో ఏ పిల్లా లేదు.

షారోనుకు ఫోన్ చేసింది. షారోను అంతా వింది. వెనక పిల్ల ఏడుపు వినిపించింది. "అమ్మమ్మ ముందర నువ్వేమన్న అను మమ్మీ, నేను అడ్డం రాను. కాగితాల మాత్రం మైరానే," అంది చివరికి.

అది సగం దారి. రత్నమాలకు సగం దారి వద్దనిపించింది. ఎలీసమ్మ ఎన్నడూ అబద్ధమాడిన మనిషి కాదు. శ్రీనగర్ కాలనీలో ముప్పై ఏళ్లు ఇళ్లలో పనిచేసి, పగిలిన ప్రతి గ్లాసునూ తానే ముందుగా వెళ్లి చూపించిన మనిషి. ఆమెను అబద్ధంతో సాగనంపకూడదు. ఈ సాయంత్రమే చెప్పాలి.

తొమ్మిది చీరల్లో ఏడే అయ్యాయి. నాలుగింటికే మిషను మీద గుడ్డ కప్పి, మెట్రో స్తంభాల పక్కగా పంజాగుట్ట దాకా నడిచింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. పేరు పెట్టలేదమ్మా. పెట్టామని అబద్ధం చెప్పిన. క్షమించు. మూడే మాటలు. సిగ్నల్ దగ్గర నిలబడి మళ్లీ అనుకుంది.

ఎలీసమ్మ మెలకువగానే ఉంది. తలగడకు ఆనించి కూర్చోబెట్టారు. మొహం ఉబ్బి, కళ్లు చిన్నవయ్యాయి. రత్నమాల స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆమె నోరు తెరిచేలోపు తల్లే మొదలుపెట్టింది.

"నీకొక మాట చెప్పాలె. మెదక్ గుడిల నీకు బాప్తిస్మం ఇచ్చిన పేరు రత్నమాల కాదు. దొర్కా."

రత్నమాల తల్లి మొహంలోకి చూసింది.

"పట్నం వచ్చినంక బడిల సారు చెప్పిండు. గా కిరస్తాని పేరు రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు, స్కాలర్‌షిప్ రాదు అని. నేనే మార్పించిన." ఊపిరి అందక ఆగింది. "చిన్న పిల్లవు, ఎవరన్న అడిగితే చెప్తవని నీకు సుత చెప్పలే. దేవుని ముందర పెట్టిన పేరు దాచిన. నువ్వేమో ఏడో తరగతి దాంక చదివి మిషను ముందర కూసుంటివి. దేనికోసం దాచిన్నో గది సుత కాలేదు."

"అమ్మా."

"ఇప్పుడు నీ మనవరాలికి పెట్టినవు. నా బరువు దిగింది. ఏంది, ఏమో అంటున్నవు?"

వార్డులో ఎవరో స్టీలు గిన్నె కింద పెట్టారు. రత్నమాల గ్లాసు, చెంచా అందుకుంది.

"నీళ్లు తాగుతవా?" అంది.

రెండు చెంచాలు తాగి ఎలీసమ్మ గోడ వైపు తిరిగింది. రత్నమాల ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. రేపు చెప్పాలా, ఇక ఎప్పటికీ చెప్పకూడదా అని ఆలోచిస్తూనే ఉంది. ఆరింటికి బీపీ చూడడానికి వచ్చిన నర్సు ఎలీసమ్మ మణికట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత తెర లాగింది.

కాగితాల మీద సంతకం అడిగారు. రత్నమాల అని రాసింది. రాశాక ఆ పేరును, కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు కాసేపు చూసింది.

పక్క మంచం మీది తన తల్లికి తోడుగా ఉంటున్న అమ్మాయి వచ్చి, ముసలమ్మ పొద్దున తనకు అప్పగించిందంటూ ఒక పొట్లం చేతిలో పెట్టింది. దవాఖానలో పాలతో పాటు ఇచ్చే చిన్న బిస్కెట్ పొట్లం. ఎలీసమ్మ తినకుండా దాచిపెట్టింది. దాని మీద ఆ అమ్మాయి చేత రాయించిన మాట నీలిరంగు సిరాతో, బడిపిల్లల గుండ్రని అక్షరాల్లో ఉంది: దొర్కాకు.