నీళ్లొచ్చేదాకా ఆగే లెక్క

1979 ఎండాకాలంలో మెదక్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో బోరు మోటారు కాలిపోయింది. బోరులో నీళ్లు అడుగంటినా ఎవరూ చూసుకోక మోటారును నడవనిచ్చారు. కొత్తది బిగించాక, నీళ్లు రాకపోతే దానంతటదే ఆగిపోయేలా ఏదైనా చెయ్యమని వార్డెన్ జ్ఞానమ్మ నర్సింగాన్ని అడిగింది.

నర్సింగం హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ పని నేర్చుకుని వచ్చి, ఊళ్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. రామాయంపేటలో ఒక తోటకు, నీళ్లు రాకపోతే మోటారును ఆపే పెట్టె అంతకుముందే చేసి ఇచ్చాడు. అందులోని చిప్పుకు ప్రోగ్రాం రాసిందీ అతనే. ఇప్పుడు ఆ చిప్పు దొరకలేదు. అదే జాతిలో కొత్తది దొరికింది.

"పాత ప్రోగ్రామే ఇందులకు ఎక్కిద్దాం. రెండేండ్లుగ మంచిగ నడుస్తుంది కదా" అన్నాడు.

అతని దగ్గర పనిచేసే ఎలిశిబాకు అది నచ్చలేదు. "రేపు ఇంకో చిప్పొస్తే ఎట్లన్నా? ఏ చిప్పుకైనా సరిపోయేటట్టు ఒక్కసారే రాసుకుంటే నయం గదా."

నర్సింగం కాదనలేదు. ఆమె పట్టుదలగా రాసింది. తీరా చూస్తే ఆ ప్రోగ్రాం చిప్పు పక్కనున్న చిన్న మెమరీలో పట్టలేదు. ఎంత కుదించినా మిగిలిపోతూనే ఉంది. పెట్టె లేకుండా కొత్త మోటారు వెయ్యడానికి జ్ఞానమ్మ భయపడింది. ఈలోగా హాస్టల్ పిల్లలు బడికి పోయేముందు రోడ్డు మీది చేతిపంపు దగ్గర బిందెలతో వరుస కడుతున్నారు. అది చూసి వచ్చిన రోజు ఎలిశిబా తన కాగితాలు పక్కన పెట్టేసింది.

"పాతదే ఎక్కియ్యన్నా" అంది.

ఇద్దరూ హాస్టల్‌కి వెళ్లి పెట్టె బిగించారు. మోటారు మొదలైంది. పైపులోకి నీళ్లు ఎక్కకముందే టక్కున ఆగిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ ఆగింది. బిందెలతో నిలబడ్డ పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏమైంది బాబూ, బోరుల నీళ్లు లేవా?" అని జ్ఞానమ్మ పరేషానైంది.

నర్సింగం నుదురు తుడుచుకున్నాడు. రామాయంపేటలో మంచిగా నడిచింది ఇక్కడెందుకు ఆగుతుందో అతనికి అంతుబట్టలేదు. కాసేపు మోటారు చప్పుడు విని ఎలిశిబా మెల్లగా అంది: "అన్నా, నీళ్లు ఎక్కేదాకా మోటారును ఆపకుండ ఓపిక పట్టాలంటే మీ ప్రోగ్రాం ఒకటి, రెండు అని లెక్కపెడ్తది. పాత చిప్పు నిదానంగ లెక్కపెట్టేది. గిది దానికన్నా జోరుగ లెక్కపెడ్తుంది. నీళ్లు రాకముందే లెక్క ఒడుస్తుంది, బోరుల నీళ్లు లేవనుకొని మోటారును ఆపేస్తుంది."

నేను ముందే చెప్పానుగా అని ఆమె అనలేదు. అనదని అతనికీ తెలుసు. అయినా సిగ్గనిపించింది.

"గంతేనా? అంకె పెంచుదాం."

"పెంచుదాం. కాని గా లెక్క ప్రోగ్రాంల శానా చోట్లున్నది. అన్నీ ఒక్క కాడికి తెచ్చి, అంకె మొదట్ల పెడ్దాం. జోరు మారితే గదొక్కటే మార్చుకోవచ్చు. మిగిలిందంతా మీదే, గట్లనే ఉంచుదాం."

నర్సింగం ఆలోచించాడు. "మరి పూరా వేరే రకం చిప్పొస్తే?"

"అప్పుడు మళ్లీ రాసుకుందాం. ఇప్పుడైతే పిల్లలకు నీళ్లు కావాలె."

అతను నవ్వాడు. వర్క్‌షాపుకు తిరిగొచ్చి, మెమరీ చెరిపి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మార్చారు. అతను చదువుతుంటే ఆమె సరిచూసింది.

మర్నాడు మోటారు ఆగలేదు. పైపు గుడగుడమని మొదట ఎర్రమట్టి నీళ్లు కక్కింది, తర్వాత తేటనీళ్లు. పిల్లలు బిందెలు తోసుకుంటూ మీద పడ్డారు. జ్ఞానమ్మ నర్సింగానికి దండం పెట్టబోతే అతను ఎలిశిబా వైపు చూపించాడు. "నాది కాదు, ప్రోగ్రాం అన్న రాసిందే" అని ఆమె వెనక్కి జరిగింది.

ఆ తర్వాత చేగుంట నుంచి అలాంటి పనే వస్తే, ఎలిశిబా ఏమాత్రం సంకోచించకుండా హాస్టల్ ప్రోగ్రామే తీసుకుంది. మొదట్లో ఉన్న అంకె ఒక్కటే మార్చింది. తాను రాసిన పెద్ద ప్రోగ్రాం కాగితాలు చింపబోతుంటే నర్సింగం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ చెల్లే. పెద్ద మెమరీ దొరికిననాడు ఇద్దరం కూసొని చూద్దాం."